ఒక అటెండరు బలం

మా ఆఫీసులో కదలికల విభాగం అని ఒకటుంది. ఏళ్ళ తరబడి ఉన్నచోటే ఉంది.

వరదలొచ్చినప్పుడు మనుషుల్నీ పశువుల్నీ పడవల్నీ ప్రమాదమున్న చోటినుంచి ప్రమాదం లేని చోటికి కదిలించడం దాని బాధ్యత. ఆఫీసు భవనాన్ని గోదావరి గట్టుకి లోపలివైపు, అంటే నదివైపున కట్టారు. వరదొస్తే మిగతా ఊరికన్నా ముందు మాకే తెలియాలని అప్పటి పెద్దల ఉద్దేశం. ఆ ఉద్దేశం ఏటా నెరవేరుతూనే ఉంది.

విభాగానికి పెద్ద డిప్యూటీ కంట్రోలరు శేషావతారం గారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టుంటుంది. ఇంట్లో ఉప్మాలో ఉప్పు తక్కువైనా "లవణ లోపము తగు చర్య నిమిత్తము దృష్టికి తేబడుచున్నది" అంటారని ఆయన శ్రీమతే మా ఆవిడ దగ్గర వాపోయింది. నేను ఆయన కింద సీనియర్ అసిస్టెంటుని. పేరు గున్నేశ్వరరావు. పేరులో గున్న ఉంది, ఒంట్లో ఏనుగుంది. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కథలో ఒకచోట నా బరువు ప్రభుత్వానికి అవసరపడుతుంది.

మాది కోటిపర్రు. ఎదురుగా పాయ దాటితే పుల్లేటిలంక. లంకలో అరటి, కంద, కూరగాయలు, గేదెలు. అక్కడి పంటలు ఇవతలికి రావాలంటే పంటు కావాలి. పంటంటే రెండు పడవల్ని పక్కపక్కన బిగించి పైన బల్ల పరిచినట్టుండేది. మనిషెక్కొచ్చు, మోటారు సైకిలెక్కొచ్చు, గేదె కూడా దర్జాగా ఎక్కి నిలబడొచ్చు. మామూలు నావలో గేదె ఎక్కదు. ఎక్కితే నావ ఉండదు.

కిందటేడు వరదకి లంకవాళ్ళ పాత చెక్క పంటు ముక్కలైపోయింది. మనుషులు నావల్లో గట్టెక్కారు. పశువులు ఆగిపోయాయి. మామిడిశెట్టి నూకరత్నం గేదెలు రెండు కొట్టుకుపోయాయి. మిగిలినవి నాలుగు. ఆ నాలుగింటి పాలే ఆమె సంసారం. మా ఆఫీసు టీ కూడా ఆ పాలతోనే. అంటే పాలకులకు పాలు పోసేది ఆవిడేనన్నమాట. రోజూ పొద్దున్నే క్యాను దించి, పాలు కొలిచి, అదే ప్రశ్న అడిగేది.

"ఈయేడన్నా పంటు వత్తాదాండీ గున్నేసర్రావుగారూ?"

"వస్తుంది నూకరత్నం. ఫైలు కదిలింది."

"ఫైలు కదిలితే నాకేటండీ? గేదిలు కదలాల."

వైశాఖ మాసపు ఎండల్లో పంటు నిజంగానే వచ్చింది. ఇనుపది. కొత్తది. నీలం రంగుది. దాన్ని రోడ్డు మీద మోసుకెళ్ళడానికి ఇనుప ట్రైలరు కూడా వచ్చింది. కాంట్రాక్టరు తన పెద్ద లారీకి తగిలించుకుని తిన్నగా మా ఒడ్డున ఉన్న లంక రేవుకే తెచ్చి, క్రేనుతో పంటుని నీళ్ళలోకి దింపేశాడు. పంటు తేలింది. నూకరత్నం పసుపు కుంకాలు తెచ్చి దాని మూతికి పూసింది.

కథ ఇక్కడే అయిపోవాలి. అయిపోతే కదలికల విభాగం ఎందుకు?

శేషావతారం గారు రేవులోకి దిగొచ్చి నిబంధన చదివారు. పంటు, ట్రైలరు మాకొచ్చాయి గానీ, ట్రైలరుని లాగే బండిని మేమే కొనుక్కోవాలి. బండి లాగుడు శక్తి ట్రైలరు మీది బరువుకి సరిపోవాలి. సరిపోయినట్టు మేము ధ్రువీకరించాలి. చాలా తెలివైన నిబంధన. దాన్ని రాసిన మహానుభావుడెవరో మా ఆఫీసుని ఎప్పుడూ చూసి ఉండడు.

"కావున ముందుగా పంటు యొక్క బరువు నిర్ధారించవలెను" అన్నారు శేషావతారం గారు.

"రైసుమిల్లు దగ్గర కాటా ఉందండీ" అన్నాను.

"పంటు పనిచేయునది ఎక్కడ?"

"నీళ్ళలోనండీ."

"వస్తువును అది పనిచేయు స్థలమునందే పరీక్షించవలెనని కొనుగోలు నియమావళి. రైసుమిల్లులో పంటు పనిచేయునా? వీరన్నా! తాడు పట్టు."

వీరన్న మా అటెండరు. సన్నగా, పొడుగ్గా, ఆఫీసు గొడుగుకి చొక్కా తొడిగినట్టుంటాడు. ఒడ్డున నిలబడి పంటుకి కట్టిన తాడు పట్టుకుని లాగాడు. పంటు మేకపిల్లలాగా అతని వెనకాలే వచ్చింది. వీరన్నకే నమ్మకం కుదరక ఇంకోసారి ఒంటిచేత్తో లాగాడు. మళ్ళీ వచ్చింది. రెండో చేత్తో బీడీ వెలిగించుకున్నాడు.

శేషావతారం గారి మొహం వెలిగిపోయింది. "గున్నేశ్వరరావుగారూ, రాయండి. పంటును లాగుటకు కావలసిన బలము: ఒక అటెండరు."

రాశాను. నా ఉద్యోగం రాయడమే.

"ఆగండి. వీరన్నా, భోజనం చేశావా?"

"సేశానండి. సేపల పులుసండి."

"అయితే ఒక భోజనానంతర అటెండరు అని సవరించండి. ప్రభుత్వ వ్యవహారములలో అస్పష్టత ఉండరాదు."

నూకరత్నం ముందుకొచ్చింది. "అయిపోనాదాండీ బాబూ? పంటు ఇక్కడే ఉంచేత్తారుగా?"

"ఎట్లుంచెదమమ్మా? ఇది ప్రస్తుతము ఆఫీసుకు చెందవలసిన వస్తువు. ఆఫీసు ఆవరణలో స్వాధీనపరచుకొని, తగిన బండి కొని, ప్రారంభోత్సవము చేసి, రోడ్డు మార్గమున రేవునకు తరలించెదము."

"ఏ రేవుకండీ?"

"ఈ రేవునకే."

నూకరత్నం నావైపు చూసింది. నేను గోదావరివైపు చూశాను. గోదావరికి కూడా ఏమీ అర్థమైనట్టు లేదు.

అలా రేవులో ఉన్న పంటుని రేవుకి చేర్చడం కోసం క్రేనుతో పైకెత్తి, ట్రైలరు మీద పెట్టి, గొలుసులు బిగించి, కాంట్రాక్టరు లారీతోనే మా ఆఫీసు ఆవరణలోకి తెచ్చాం. కాంట్రాక్టరు సంతకం పెట్టించుకుని, తన లారీ తను వేసుకుని, వెనక్కి చూడకుండా పోయాడు.

తర్వాత బండి. ఒక అటెండరు బలానికి సరిపడే బండి బజారులో దొరకదు. ఎంత చిన్నదైనా చాలామంది అటెండర్ల పెట్టు ఉంటుంది. ప్రజాధనం దుబారా కాకూడదని శేషావతారం గారు షోరూములో అన్నిటికన్నా చిన్న పికప్పు ట్రక్కు ఏరారు. టమాటాలు, కోళ్ళు తోలుకునే బాపతు. తెల్లగా, ముద్దుగా, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టుంది. డ్రైవరు ఏసుబాబు దాన్నీ, ట్రైలరునీ మార్చి మార్చి చూసి టోపీ తీశాడు. గౌరవంతో కాదు, సంతాపంతో.

ప్రారంభోత్సవం రోజున టెంటు వేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. ట్రక్కు వెనక కొక్కేనికి ట్రైలరు మూతి తగిలించాం. ట్రక్కు వెనకభాగం అక్కడికక్కడే కూలబడింది. లంకనుంచి జనం వచ్చారు. నూకరత్నం కొత్త చీర కట్టుకుంది.

"లాగు!" అన్నారు శేషావతారం గారు.

"లాగు! లాగు!" అన్నారు జనం. వీరన్న కంగారుగా తన లాగు సర్దుకున్నాడు.

ఏసుబాబు గేరు వేసి తొక్కాడు. ట్రక్కు మూలిగింది. ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి. ఆకుల కోసం మేక కొమ్మమీదికి కాళ్ళేసినట్టు నిలబడింది. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు. తర్వాత వాటిని కడిగి మజ్జిగలో పిండుకున్నాం.

"ఇదేటండీ? ముందుకెళ్ళమంటే పైకెళ్తంది?" అంది నూకరత్నం.

"పురోగతి కాకపోయినను ఊర్ధ్వగతి. గతి గతియే" అన్నారు శేషావతారం గారు. ముక్కు ఎగబీల్చారు. "ఏమీ వాసన?"

"క్లచ్చు కాలతందండి" అన్నాడు ఏసుబాబు లోపల్నుంచి.

"కొత్త బండి కదా. కొత్త వాసన ఉండును."

ఆ సాయంత్రమే సామర్థ్య సమతుల్యతా సంఘం ఏర్పడింది. అధ్యక్షులు శేషావతారం గారు. సభ్యులు కూడా ఆయనే, ఇన్‌చార్జి హోదాల్లో. తీర్మానాలన్నీ ఏకగ్రీవం.

మొదటి తీర్మానం: ట్రక్కులో బలలోపం లేదు, ముందువైపు బరువులోపం ఉంది. దాన్ని సిబ్బందితో భర్తీ చేయాలి. మర్నాడే ఆఫీసు సీనియారిటీ పట్టికని కిలోల లెక్కన తిరగరాశారు. పదిహేనేళ్ళుగా ప్రమోషను రాని నేను ఒక్క పూటలో అగ్రస్థానానికి వచ్చాను. బక్కగా ఉండే టైపిస్టు కోర్టుకెళతానని బెదిరించింది. యూనియనువాళ్ళు బరువు భత్యం అడిగారు. నన్ను "భారవహన డిప్యుటేషను" మీద ట్రక్కు బానెట్టు పైన కూర్చోబెట్టారు. ఎండకి కాలిన బానెట్టు, ఇంజను వేడి. కింద ఆఫీసు గోనెసంచి పరిచారు, ప్రభుత్వానికి దయ లేదని ఎవరూ అనకుండా.

"గున్నేసర్రావుగారూ, గట్టిగా కూకోండి" అన్నాడు ఏసుబాబు. "నాకు రోడ్డు కనపడతాలేదు గానండి, ఎటూ ఎళ్ళేది లేదుగదాండీ."

తొక్కాడు. ముందు చక్రాలు ఈసారి లేవలేదు. వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి రెండు గోతులు తవ్వాయి. ఇంజను అరిచింది. నేనూ అరిచాను. బరువు పెంచమని పరువు దించారు.

పాల క్యాను మీద కూర్చుని చూస్తున్న నూకరత్నం నవ్వింది. ఆ మధ్య ఆమె నవ్వడం అదొక్కసారే. ఆషాఢం వచ్చేసింది మరి. ఎగువన వానలు మొదలయ్యాయి. గోదావరి రంగు మారుతోంది.

రెండో తీర్మానం: ట్రక్కు పెరగనప్పుడు పంటు తగ్గాలి. పంటులోంచి బెంచీలు విప్పేశారు. లైఫు జాకెట్లు తీసేశారు. చివరికి ఇంజను కూడా విప్పి స్టోరురూములో పెట్టి తాళం వేశారు.

"ఇంజను లేపోతే పంటెలా ఎల్తాదండీ బాబూ?" అంది నూకరత్నం.

"నీటిలో ఎట్లు వెళ్ళుననునది పంటు యొక్క అంతర్గత వ్యవహారము. రోడ్డు మీద ఎట్లు వెళ్ళుననునదే మా విభాగపు పరిధి."

పాలు పోసే మనిషికి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

మూడో తీర్మానానికి షోరూమువాళ్ళిచ్చిన కాగితం తెప్పించారు. బండి తన మీద మోసే బరువు ఒకటి, వెనకాల లాగే బరువొకటి, లాగినదాన్ని అవసరమొస్తే ఆపగలిగే బరువొకటి. మూడూ మూడు వేరు వేరు సంగతులని అందులో స్పష్టంగానే ఉంది. శేషావతారం గారు మూడింటినీ కూడారు. నాలుగు టన్నులు తేలింది. పంటూ ట్రైలరూ కలిపి అంతకన్నా కాస్త తక్కువే ఉంటాయని కాంట్రాక్టరు ఫోనులో చెప్పాడు.

"చూచితిరా? సామర్థ్యము మొదటినుంచి ఉన్నది. దానిని బండికి తెలియజేయలేదు, అంతే!"

పెయింటర్ని పిలిపించి తలుపు మీద ఎర్రక్షరాలతో రాయించారు: లాగుడు సామర్థ్యము నాలుగు టన్నులు.

"పెయింటేత్తే లాగుద్దాండీ?" అన్నాడు ఏసుబాబు.

"లాగనిచో అది రాతపూర్వక ఆదేశమును ధిక్కరించుట."

లాగలేదు. అంచేత ట్రక్కుకి ఛార్జి మెమో ఇచ్చారు. అద్దానికి అంటించాం. గడువులోగా జవాబు రాలేదు. మౌనం అంగీకారంగా పరిగణించి సస్పెండు చేశారు. సస్పెన్షనులో ఉన్న ఉద్యోగికి సగం జీతం ఇవ్వాలి గనక ట్రక్కుకి సగం డీజిలు మంజూరైంది. పనిచేసినప్పుడూ అది కదల్లేదు గనక, సస్పెన్షను వల్ల ఆఫీసు పనికి అంతరాయం కలగలేదు.

విచారణ పూర్తయ్యేదాకా సాక్ష్యం చెడకూడదని ట్రక్కునీ ట్రైలరునీ కలిపే కొక్కేనికి గొలుసు చుట్టి, తాళం వేసి, లక్క సీలు కొట్టారు. "ఇవి ఇకపై ధ్రువీకృత జత. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు విడదీయరాదు" అని బోర్డు పెట్టారు. మా ఆఫీసులో శీలం సంగతి నాకు తెలియదు గానీ, సీలు సంగతి మాత్రం ప్రాణసమానం.

సీలు కొట్టిన వారానికి విడ్డూరం జరిగింది. ఆవరణ గేటువైపు కాస్త వాలు. వానకి నేల మెత్తబడింది. చక్రాల కింద పెట్టిన రాళ్ళు జారాయి. ట్రైలరు ట్రక్కుని వెనకనుంచి నెట్టుకుంటూ పోయి గేటు బయట ఆగింది. ఏసుబాబు బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. బ్రేకు మీద కూడా ఎవరూ ఏమీ రాయించలేదు పాపం.

శేషావతారం గారు గొడుగేసుకుని పరుగెత్తుకొచ్చారు. "కదిలినది! రాయండి! జత కదిలినది!"

"ట్రైలరే ట్రక్కుని తోసిందండీ" అన్నాను.

"ఎవరు ఎవరిని కదిలించిరి అనునది ద్వితీయాంశము. కదలికయే ముఖ్యాంశము."

ఆ వాక్యం రాసేటప్పుడు నవ్వుకున్నాను. తర్వాత దాన్నే నమ్మాల్సొస్తుందని అప్పుడు తెలియదు.

బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక జెండా ఎగరేసిన రోజు పొద్దున్నే నూకరత్నం వచ్చింది. పాల క్యాను లేదు. ఇవతలి ఒడ్డునే ఉండే అన్నగారు పెద్దబ్బు ట్రాక్టరు మీద వచ్చింది. అరటి గెలల లోడుని బురదలోంచి ఈడ్చే పెద్ద ట్రాక్టరది.

"బాబూ, లంకలో జనం నిన్ననే నావల్లో వచ్చేశారండి. గేదిలు మెరక మీద కట్టేసొచ్చానండి. నీరొత్తంది. మావోడి ట్రాక్టరికి ఆ పంటు తగిలించండి, ఇట్టే రేవులో దింపేత్తాడు. మళ్ళీ తెచ్చి మీ గుమ్మంలోనే పెడతామండి, ఒట్టు."

పెద్దబ్బు అందుకున్నాడు. "ఆయ్, డీజిలు కూడా మాదేనండి."

శేషావతారం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ట్రాక్టరు వ్యవసాయ వాహనము. పంటు వ్యవసాయోత్పత్తియా?"

"పంటు కాదండీ, పంట కోసమండీ" అన్నాను, ఏదో సాయపడదామని.

"గున్నేశ్వరరావుగారూ, చమత్కారమునకు పద్దు లేదు. పైగా ఈ ట్రైలరునకు ఇదివరకే ఒక ట్రక్కు ఉన్నది. ధ్రువీకృత జత ఉండగా పరాయి వాహనముతో సంపర్కమా?"

పెద్దబ్బుకి ఒళ్ళు మండింది. "మొగుడు లాగలేనప్పుడు అన్నదమ్ములు సాయం పట్టరేటండీ? ఇడ్డూరంగా ఉందే!"

"ఇడ్డూరం కాదన్నయ్యా, ఇది ఆపీసు" అంది నూకరత్నం. శేషావతారం గారి ఎదురుగా నిలబడి చేతులు జోడించింది. "బాబూ, నాలుగే ఉన్నాయండి. సూడిదొకటుంది. కిందటేడు రెండు నీళ్ళలో ఎల్లిపోతంటే నా కాసే సూత్తా ఎల్లాయండి. నేను గట్టుమీంచి పేర్లెట్టి పిలిత్తంటే తలకాయలు తిప్పి సూశాయి. మళ్ళీ అలా సూడలేనండి."

ఒక్క క్షణం శేషావతారం గారు మామూలు తెలుగులో ఏదో అనబోయారు. నేను చూశాను. పెదవులు కదిలాయి. తర్వాత బోర్డు మీద చూపు పడింది. "తదుపరి ఉత్తర్వుల కొరకు రాసితిమి" అన్నారు మెల్లగా.

నూకరత్నం గేటు దగ్గర ట్రైలరు చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయింది. పెద్దబ్బు పక్కనే నిలబడ్డాడు, చేతిలో రెండు పొడుగాటి వెదురు గెడలతో. ట్రాక్టరు వద్దంటే వద్దన్నారు గానీ గెడలు వద్దని ఉత్తర్వు లేదు కదా అన్నాడు.

మధ్యాహ్నానికి రెండో హెచ్చరిక. ఉత్తర్వులకన్నా ముందు గోదావరి వచ్చింది. మాది నదివైపు ఆఫీసు కదా, తిన్నగా మా దగ్గరికే వచ్చింది. ముందు మెట్లు మునిగాయి. తర్వాత గుమ్మం. సిబ్బంది గట్టు మీదికి పరుగెత్తారు. నేను పరుగెత్తే ఆకారం కాదు. నీళ్ళు మోకాళ్ళ పైకి రాగానే ఎదురుగా కనబడ్డ ఎత్తైన వస్తువు మీదికి ఎగబాకాను. అది పంటు. ఏసుబాబు అప్పటికే అందులో ఉన్నాడు. నూకరత్నం, పెద్దబ్బు కూడా ఎక్కారు.

శేషావతారం గారు మాత్రం ట్రక్కు క్యాబిను మీదికెక్కి, గొడుగేసుకుని, వెనక్కి తిరిగి సీలుకి కాపలా కూర్చున్నారు.

"అయ్యా, పంటులోకి రండి!" అన్నాను.

"సీలునకు నేను బాధ్యుడను."

అప్పుడు కదిలింది. కాళ్ళ కింద ఏదో ఊపిరి పీల్చుకున్నట్టయింది. పంటు తేలింది. గొలుసులతో బిగించి ఉంది గనక కింద ట్రైలరు కూడా లేచింది. ట్రైలరు మూతికి సీలు ఉంది గనక వెనకాలే ట్రక్కు కూడా లేచింది. ఇన్ని నెలల సంసారంలో మొదటిసారి ఆ జత కలిసి అడుగేసింది. ముందు పంటు, వెనక ట్రక్కు, ట్రక్కు మీద డిప్యూటీ కంట్రోలరు.

"ఆగుడు! జతను విడదీయరాదు!" అని అరిచారు శేషావతారం గారు.

"ఇడదీయట్లేదండి బాబూ! జతగానే లాక్కెల్తన్నాం!" అన్నాడు పెద్దబ్బు, గెడ దించుతూ. "ఒరే ఏసుబాబూ, ఆ రెండోది పట్రా!"

పాయ అడ్డంగా దాటాలి. నీరు గుర్రుమంటోంది. ఇంజను స్టోరురూములో భద్రంగా ఉంది. గెడలతో తోస్తుంటే పంటు కిందికి కొట్టుకుపోవాలి నిజానికి. పోలేదు. వెనకాల ట్రక్కు సగం మునిగి నేలకి రాసుకుంటూ వస్తోంది. ఆ ఈడ్పుకి పంటు మూతి తిరక్కుండా నిలబడింది. కొన్నప్పటినుంచి ట్రక్కు ఒక్క పనికైనా పనికొచ్చిందంటే అదే. పెద్దబ్బు నన్ను ఎడంపక్కకి జరగమన్నాడు. జరిగాను. పంటు ఎడంపక్కకి వాలి, తిరిగింది. "అలాగే ఉండండి, కదలకండి" అన్నాడు. కదలికల విభాగంలో నాకు తెలిసిన పని అదొక్కటే.

మెరక మీద గేదెలు నాలుగూ మెడల్లోతు నీళ్ళలో మోరలెత్తి నిలబడి ఉన్నాయి. నూకరత్నం పేర్లు పెట్టి పిలిచింది. ఈసారి తలలు తిప్పి చూసి, పలుపులు అందినంత మేర ఇటే వచ్చాయి. పలుపులు కోసేసి, బల్ల వాల్చి, ఒక్కోదాన్నీ ఎక్కించారు. సూడిది ఎక్కలేకపోతే నేను వెనకనుంచి ఆనించి నెట్టాను. నా బరువుకి భత్యం రాకపోయినా ఫలితం వచ్చింది.

ఇంతలో వెనక ట్రక్కు పోయి రెండు కొబ్బరిచెట్ల మధ్య ఇరుక్కుంది. శేషావతారం గారు చెట్టుని కావలించుకున్నారు. ట్రక్కు ఇరుక్కోగానే పంటు కూడా ఆగింది. వరద ఎంత గుంజినా కొక్కెం ఊడలేదు. సీలు మెతకబడింది గానీ విరగలేదు.

నీరు తీసేదాకా అందరం పంటులోనే ఉన్నాం. శేషావతారం గారిని చెట్టునుంచి తెచ్చి గేదెల మధ్య వెచ్చగా కూర్చోబెట్టాం. నూకరత్నం అక్కడే పాలు పితికి, లోటాతో ఆయనకే ముందిచ్చింది. ఆయన తాగారు. లోటా తిరిగిచ్చారు. తర్వాత మామూలు గొంతుతో, "పాలు బాగున్నాయమ్మా" అన్నారు. ఆయన నోట ఫైలుతో పనిలేని వాక్యం నేను వినడం అదే మొదలు.

అదే చివర కూడా. నీరు తీసింది. చూస్తే పంటు ట్రైలరుతో సహా సరిగ్గా లంకలోని అవతలి రేవు ఒడ్డున, పొడినేల మీద కూర్చుని ఉంది. కొక్కేనికి ట్రక్కు, కొక్కెం మీద సీలు. శేషావతారం గారు దిగి, సీలుని వేలితో తడిమి చూసి, సంతృప్తిగా తల పంకించి, నాకు చెప్పడం మొదలుపెట్టారు. నేను రాశాను. పంటు లాగుడు సామర్థ్యం: ఒక పికప్పు ట్రక్కు, దానిపై ఒక డిప్యూటీ కంట్రోలరు. ట్రక్కు సస్పెన్షను రద్దు. సామర్థ్య సమతుల్యత సిద్ధించింది.

అంతటితో ఊరుకుంటే బావుండేది. రెండు వారాలకి పైనుంచి తాఖీదొచ్చింది. ప్రారంభోత్సవం పూర్తికాకుండా పంటుని రేవులో పెట్టడం నిబంధనలకు విరుద్ధం. వెంటనే వెనక్కి ఆఫీసుకి తెచ్చి, శాస్త్రోక్తంగా రేవుకి తరలించాలి.

శేషావతారం గారు, నేను, వీరన్న నావలో లంకకెళ్ళాం. నూకరత్నం గేదెల్ని ట్రక్కు బంపరుకి కట్టేసి, తలుపు మీది ఎర్రక్షరాల మీద పిడకలు కొడుతోంది. సూడిది ఈనింది. దూడ పంటు నీడలో పడుకుంది. తాఖీదు చదివి వినిపించాం. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"అలాగేనండి. లాక్కెళ్ళండి. నేనొద్దన్నానేటి?"

శేషావతారం గారు చుట్టూ చూశారు. లంకలోకి లారీ రావాలంటే పంటు మీద రావాలి. పంటు ఇక్కడుంది. ఆయన కాసేపు ఆలోచించి, పాత ఫైలు తెరిచి, వేలు పెట్టి ఒక వాక్యం చూపించారు. నా చేతిరాతే.

"వీరన్నా! తాడు పట్టు."

వీరన్న కట్టాడు. లాగాడు. రెండు చేతులా లాగాడు. కాళ్ళు తన్నిపెట్టి, వెనక్కి వాలి, నరాలుబ్బేలా లాగాడు. పంటు నీడలో దూడ కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

శేషావతారం గారు ఫైలు వంకా వీరన్న వంకా మార్చి మార్చి చూశారు. ఆయన మొహంలో అనుమానం మెల్లగా విచ్చుకుంది.

"వీరన్నా, భోజనం చేశావా?"

"ఇంకా లేదండి."

"అదీ సంగతి! గున్నేశ్వరరావుగారూ, రాయండి. పరీక్ష అసంపూర్ణము. అటెండరు భోజనానంతరము మరల ప్రయత్నించవలెను."

నూకరత్నం అప్పుడే వీరన్నని లోపలికి పిలిచి పీట వేసింది. వేడన్నం, కందబచ్చలి, దానిమీద జున్ను. పెరుగు గిన్నెడు. వద్దంటున్నా ఇంకో గిన్నెడు. వీరన్న చేయి కడుక్కుని, వచ్చి తాడు పట్టుకుని, ట్రైలరు చక్రానికి ఆనుకుని, అలాగే నిద్రపోయాడు.

మేము నిద్ర లేపలేదు. నిద్రలో ఉన్న అటెండరు బలం ఎంతో ఇంకా నిర్ధారణ కాలేదు.